విశాఖలో నలుగురు కూర్చుని డీ అండ్ డీ ఆడాలంటే

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆట మొదలుపెడదాం అనుకునే వాళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఇరుక్కుంటారు. కొందరు లావుపాటి రూల్‌బుక్ తెరిచి, యాభై పేజీలు చదివి, ఇది మన వల్ల అయ్యే పని కాదులే అని మూసేస్తారు. ఇంకొందరు కథ రాయడంలో మునిగిపోతారు: పదకొండు రాజ్యాలు, వాటి మధ్య మూడొందల ఏళ్ల పగ, రాజుల వంశవృక్షం, అన్నీ రెడీ, ఆడేవాళ్లు మాత్రం లేరు. రెండు రకాల వాళ్లకీ నేను చెప్పేది ఒకటే. మొదటి రోజుకి అరపేజీ రూల్స్ చాలు. కథ అసలు రాయకండి. మీకు బాగా తెలిసిన చోటు తీసుకుని అందులో ఒక చిక్కు పెట్టండి, మిగతాది మీ స్నేహితులు చూసుకుంటారు. విశాఖ వాళ్లకి ఆ చోటు కోసం వెతుక్కునే పని కూడా లేదు. సముద్రం, కొండలు, గుహలు, పాత రేవు, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్, ఏదీ ఒక్క రోజులో చూసి రాలేనంత దూరం కాదు.

ఆట గురించి అసలు తెలియని వాళ్లకి రెండు ముక్కలు. ఒకరు గేమ్ మాస్టర్, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "మీరు గుహ ముందు నిలబడ్డారు, లోపల ఎవరో దగ్గుతున్నారు" అని గేమ్ మాస్టర్ చెబుతాడు, మా పాత్రలు ఇలా చేస్తాయి అని ఆటగాళ్లు చెబుతారు, అది జరుగుతుందో లేదో తేలనప్పుడు డైస్ వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డీ అండ్ డీని మొదటిసారి అచ్చు వేయించినప్పటి నుంచి రూల్స్ చాలాసార్లు మారాయి గానీ ఈ వరస మారలేదు. గెలిచేవాడు, ఓడేవాడు అంటూ ఎవరూ ఉండరు. అందరూ ఒకే జట్టు, గేమ్ మాస్టర్‌తో సహా.

డైస్ చూడగానే ఇంట్లో పెద్దవాళ్లకి శకుని గుర్తొస్తాడు, కాబట్టి డబ్బుల పందెం ఏమీ లేదని ముందే చెప్పేయండి. వీలైతే అమ్మమ్మనో పెదనాన్ననో ఒక గంట పక్కన కూర్చోబెట్టండి. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం అనే కథ వింటూ పెరిగిన వాళ్లకి ఈ ఆట మనకంటే తొందరగా అర్థమవుతుంది.

ఏమేం కావాలి

డైస్ సెట్టు అంటే ఏడు ఉంటాయి: నాలుగు ముఖాలది, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కోటి, పది ముఖాలవి రెండు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో వస్తుంది, అందరికీ కలిపి ఒక సెట్టు ఉన్నా మొదటి రోజు గడిచిపోతుంది. అదీ లేకపోతే ఫోన్‌లో డైస్ యాప్ ఉంది, కాకపోతే ఫోన్ చేతిలోకి వచ్చిందంటే వాట్సాప్ కూడా వస్తుంది, అందుకే నాకు అసలు డైసే ఇష్టం. ఇరవై ముఖాలదాన్ని టేబుల్ మీద దొర్లించి అది ఆగేదాకా అందరూ మెడలు చాచి చూసే ఆ రెండు సెకన్లు యాప్‌లో రావు.

గీతల మ్యాప్ కొనక్కర్లేదు. గ్రాఫ్ పేపరు చాలు, లేదా గచ్చు మీద సుద్దముక్కతో చుక్కల ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టి కలిపేయండి. డీ అండ్ డీలో ఒక గడి అంటే 5 అడుగులు, మామూలు మనిషి ఒక వంతులో 30 అడుగులు, అంటే ఆరు గడులు నడుస్తాడు. బొమ్మల బదులు హీరోలకి చదరంగం పావులు, శత్రువులకి చింతపిక్కలు. బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు ఇంట్లో ఉంటే అవి దయ్యాలు. ఇంకొకటి, తలా ఒక పరీక్ష అట్ట తెచ్చుకోమనండి. మన ఊరి ఉక్కపోతలో ఫ్యాన్ ఆపలేం, ఫ్యాన్ కింద క్యారెక్టర్ షీట్లు, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు, ఆగవు. పెన్సిల్‌తోనే రాయండి, అంకెలు మారుతూనే ఉంటాయి. మిరపకాయ బజ్జీలు విరామంలో తినండి, నూనె వేళ్లతో షీట్లు పట్టుకుంటే నాలుగో వారానికి అందులో ఏముందో కనపడదు.

బీచ్‌లో ఆడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. గాలికి కాగితాలు పోతాయి, ఇసకలో డైస్ పోతాయి, ఇక మురీ మిక్చర్ బండి వచ్చిందంటే జట్టు మొత్తం పోతుంది.

రూల్స్, మొదటి రోజుకి సరిపడా

అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది, దాన్ని సవరించిన పుస్తకాలు 2024లో మొదలయ్యాయి. కొనకుండానే ఆడొచ్చు: అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రం, దాన్ని ఎస్‌ఆర్‌డీ అంటారు, 5.1 రూపాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. నేను ఇక్కడ చెప్పే అంకెల్లో చాలావరకు దాంట్లోవే. అది మొత్తం చదవకండి, అవసరమైనప్పుడు వెతుక్కోవడానికి ఫోన్‌లో పెట్టుకోండి.

ప్రతి పాత్రకీ ఆరు లక్షణాలుంటాయి: స్ట్రెంగ్త్ (బలం), డెక్స్టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిటవు), ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్‌డమ్ (వివేకం), కరిజ్మా (ఆకర్షణ). 15, 14, 13, 12, 10, 8 అనే అంకెల్ని వీటికి నచ్చినట్టు పంచుకోవాలి, ఆ తర్వాత పాత్ర జాతిని (మనిషి, ఎల్ఫ్ లాంటివి) బట్టి కొంత కలుస్తుంది. 10 లేక 11 ఉంటే కలిపేది సున్నా, అక్కణ్నుంచి ప్రతి రెండుకీ ఒకటి చొప్పున పెరుగుతుంది, 8 ఉంటే ఒకటి తగ్గుతుంది. ఏదైనా కష్టమైన పని చేయాలంటే ఇరవై ముఖాల డైస్ వేసి, ఆ పనికి సంబంధించిన లక్షణం కలిపి, అందులో శిక్షణ ఉంటే మొదటి లెవెల్‌లో ఇంకో 2 కలిపి, గేమ్ మాస్టర్ మనసులో అనుకున్న అంకెని అందుకోవాలి. తేలిక పని 10, మధ్యరకం 15, కష్టం 20.

ఉదాహరణకి డెక్స్టెరిటీ 16, చాటుగా నడవడంలో శిక్షణ ఉన్న దొంగ, కాపలావాడి పక్కనుంచి జారుకోవాలి. 3, 2 కలిపి 5. అంకె 15 అయితే డైస్ మీద 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే 55 శాతం అవకాశం. కాపలావాడు నిద్ర మత్తులో ఉన్నాడు, పరిస్థితి అనుకూలం అనుకుంటే అడ్వాంటేజ్ ఇవ్వండి: రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవాలి. అప్పుడు అవకాశం దాదాపు 80 శాతానికి వెళుతుంది. ప్రతికూలం అయితే రెండు వేసి చిన్నది. ఈ ఒక్క రూలు సగం వాదనల్ని తీర్చేస్తుంది. ఆటగాడు మంచి ఐడియా చెప్పాడా, లెక్కలు వేయకుండా "అడ్వాంటేజ్ తీసుకో" అనేయండి.

మంత్రాలు వాడే పాత్రలకి చదవాల్సింది ఎక్కువ. మొదటిసారి ఆడేవాళ్లు ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ) లాంటివి తీసుకుంటే సుఖం, మంత్రగాడే కావాలని పట్టుబట్టే వాళ్లకి మాత్రం ఒక షరతు పెట్టండి: నీ మంత్రాలేంటో నువ్వే కాగితం మీద రాసుకుని రా.

ఎంతమంది, ఎప్పుడు

నలుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్. ముగ్గురైనా బాగానే ఉంటుంది. ఆరుగురైతే ఒక చిన్న దెబ్బలాటకే గంట పడుతుంది, మొహమాటస్తులు నోరు విప్పకుండానే సాయంత్రం అయిపోతుంది.

నిజానికి ఈ ఆటలో రాక్షసుల కంటే పెద్ద శత్రువు క్యాలెండరు. ఒకడు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, ఒకడు మధురవాడలో ఐటీ, ఒకావిడకి పిల్లల ట్యూషన్, ఇంకొకడు గాజువాక నుంచి రావాలి. అందరికీ కుదిరే రోజు కోసం గ్రూపులో పోల్ పెడితే ఆ పోల్‌తోనే ఆట చచ్చిపోతుంది. రోజు ముందే ఖాయం చేయండి, రెండు వారాలకోసారి ఆదివారం మూడింటి నుంచి ఆరున్నర దాకా అనుకుంటే అంతే, ముగ్గురు ఉంటే ఆట జరుగుతుంది, రానివాళ్ల పాత్రకి ఆ రోజు జ్వరం వచ్చి బండిలో పడుకుంది. ఇల్లు అటు గాజువాకకీ ఇటు మధురవాడకీ మధ్యలో, మద్దిలపాలెం వైపో ఎంవీపీ వైపో ఉంటే గొడవలు తక్కువ. మూడున్నర గంటలు దాటించకండి, ఇంకాసేపు ఆడదాం అనిపించినప్పుడే ఆపితే వచ్చేసారి అందరూ వస్తారు.

ఆడకముందు ఒక మాట

పాత్రలు తయారు చేసుకునే రోజే కొన్ని సంగతులు తేల్చుకోండి. ఎలాంటి ఆట కావాలి, నవ్వుకోవడానికా, భయపెట్టడానికా? పాత్ర చచ్చిపోతే ఒప్పుకుంటారా? ఆటలో అసలు రాకూడనివి ఏమిటి? ఒకరికి పాములంటే చచ్చేంత భయం ఉండొచ్చు, ఒకరింట్లో ఈ మధ్యే ఎవరో పోయి ఉండొచ్చు, పిల్లల్ని హింసించడం, ఆడవాళ్ల మీద అత్యాచారం లాంటివి చాలామందికి ఆటలో కూడా వద్దు. అందరి ముందూ చెప్పడానికి ఇబ్బందిపడే వాళ్లు మీకు విడిగా మెసేజ్ చేయొచ్చని చెప్పండి. కాగితం మీద పెద్ద ఎక్స్ గీసి టేబుల్ మధ్యలో పెట్టే పద్ధతి ఒకటుంది: ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సీను అక్కడితో ఆపి ముందుకెళ్లిపోవాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు. వాడాల్సిన అవసరం రాకపోయినా అది అక్కడ ఉండటమే మంచిది.

మన ఊళ్లో ఆడుతున్నాం కాబట్టి ఇంకో రెండు నా వైపు నుంచి. గుళ్లో పూజలందుకుంటున్న దేవుణ్ని ఆటలో శత్రువుగానో కమెడియన్‌గానో పెట్టకండి. మీకు సరదా అయినది పక్కవాడికి ఇంటి దైవం. కల్పించిన గ్రామదేవతని పెట్టుకోండి, ఆమెకి పేరు, కోపం, ఇష్టమైన నైవేద్యం అన్నీ మీరే ఇవ్వొచ్చు. రెండోది, కల్పిత రాజ్యంలోకి కులాల్ని మోసుకుపోకండి. ఓర్కులు, ఎల్ఫులు అంటూ ఉన్న తేడాలే సరిపోతాయి.

కథ రాయొద్దు, చిక్కు పెట్టండి

కథ రాసుకున్న గేమ్ మాస్టర్ ఏం చేస్తాడంటే, ఆటగాళ్లు రెండో సీనుకి వెళ్లకుండా పక్క సందులోకి పోతే కంగారుపడి వాళ్లని మళ్లీ దారిలోకి లాగుతాడు. రెండుసార్లు లాగేసరికి వాళ్లకి అర్థమవుతుంది, మనం ఏం చేసినా ఒకటే అని. అక్కణ్నుంచి ఫోన్లు చూసుకుంటారు. అందుకే ఏం జరగబోతోందో రాసుకోకండి. ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏం దాస్తున్నారు, ఎవరూ అడ్డుపడకపోతే ఏమవుతుంది, ఈ మూడే రాసుకోండి.

చోటు సంగతి ముందు చూద్దాం. గోస్తనీ నది బొర్రా గుహల వైపు కొండల్లోంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక చివర సున్నపురాయి గుహలు, ఇంకో చివర ఒలందుల, అంటే డచ్చివాళ్ల, సమాధులున్న పాత రేవు. ఇంతకన్నా మంచి మ్యాప్ మీరు గీయలేరు. రేవు నుంచి కాస్త ఇవతలికి వస్తే గాలీ వానా కోసేసిన ఎర్రమట్టి దిబ్బలు, వాటి సందుల్లో దారి తప్పడం ఎంత తేలికో చూసినవాళ్లకి తెలుసు. ఇంకొంచెం వస్తే తొట్లకొండ, కొండ మీద బౌద్ధుల విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. స్థావరం కోసం నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు ఆ శిథిలాలు బయటపడ్డాయి, అంటే ఊరి పక్కనే ఉన్న కొండని ఊరు మరిచిపోయింది. ఒక ఆటకి ఇంకేం కావాలి? పేర్లు మార్చేయండి, ఊరి పేరు దీపాలరేవు అనుకుందాం, కాలం ఒక వెయ్యేళ్లు వెనక్కి జరపండి, దూరాలు మాత్రం అలాగే ఉంచండి. ఎక్కణ్నుంచి ఎక్కడికి ఎండలో నడిస్తే ఎలా ఉంటుందో మీ ఆటగాళ్లకి ఒంటికి తెలుసు, మీరు వర్ణించాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు చిక్కు. దీపాలరేవులో కొండ మీద దీపం నిన్న రాత్రి వెలగలేదు. ఒక పడవ రాళ్లకి కొట్టుకుని పగిలింది. దీపం చూసుకునే ముసలాయన పైడయ్య కనపడటం లేదు. ఆటగాళ్లకి తెలిసేది ఇంతే. మీ కాగితం మీద ఉండేది ఇది: పైడయ్య తాతల కాలంలో ఆ కొండ గుహలోని బ్రహ్మరాక్షసుడితో ఒక ఒప్పందం కుదిరింది, రోజూ రాత్రి వాడి గుహలో కూడా ఒక ప్రమిద వెలగాలి, ఎందుకంటే బతికుండగా మహా పండితుడైన వాడు చీకట్లో చదువుకోలేడు. రేవు పెద్ద అప్పలస్వామి దీపం నూనెలో సగం అమ్ముకుంటున్నాడు, గుహకి నూనె ఆగిపోయింది, రాక్షసుడు పైడయ్యని పట్టుకెళ్లాడు. అప్పలస్వామికి కావాల్సింది వర్తకుల ఓడలు వచ్చేలోపు దీపం వెలగడం, దాచేది నూనె సంగతి. పైడయ్య మనవరాలు నూకాలుకి కావాల్సింది తాత, ఆమె దాచేది ఏమీ లేదు గానీ ఎవర్నీ నమ్మదు. రాక్షసుడికి కావాల్సింది వెలుతురు, అంతకంటే ఎక్కువగా తన శ్లోకాలు వినే మనిషి. ఎవరూ ఏమీ చేయకపోతే ఇవాళ రాత్రి వర్తకుల ఓడలు రాళ్లకి కొట్టుకుంటాయి, రేపు రాత్రి రాక్షసుడే ఊళ్లోకి దిగుతాడు.

ఇందులో ముగింపు లేదని గమనించండి. ఆటగాళ్లు రాక్షసుడితో పోరాడొచ్చు, నూనె దొంగిలించి తేవొచ్చు, అప్పలస్వామిని పంచాయితీకి లాగొచ్చు, లేదా ఒకడు గుహలో కూర్చుని రాత్రంతా శ్లోకాలు వినొచ్చు. ఏది చేసినా మీ దగ్గర జవాబు ఉంటుంది, ఎందుకంటే ఎవరికేం కావాలో మీకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. వాళ్లకి తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఏదైనా సరే, కనీసం మూడు దారుల్లో తెలిసేలా పెట్టండి. మీకు పట్టపగల్లా కనిపించే ఆధారం వాళ్లకి కనపడదు. పైడయ్య గుహవైపు వెళ్లాడని తెలియాలంటే: మెట్ల మీద వదిలేసిన ఒంటి చెప్పు, దానికి ఎర్రమట్టి. కొండ దారిలో వరసగా నూనె మరకలు. రాత్రి మేక కోసం వెతుక్కుంటూ వెళ్లి ఏదో చూసి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న కుర్రాడు. వీటిలో రెండు జారిపోయినా మూడోది దొరుకుతుంది.

బ్రహ్మరాక్షసుడికి అంకెలు కొత్తగా తయారు చేయకండి. ఎస్‌ఆర్‌డీలో ఓగర్ అనే భారీ రాక్షసుడు ఉన్నాడు, ఆ అంకెలు తీసుకుని పేరు మార్చేయండి: ఆర్మర్ క్లాస్ (వాడికి దెబ్బ తగలాలంటే డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 11, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో ఆ అంకె) 59, గద దెబ్బకి ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి 4 కలపాలి, సగటున 13. అయితే మొదటి లెవెల్ జట్టుకి ఇది పెద్ద శత్రువే అని తెలుసుకోండి. 8 హిట్ పాయింట్లున్న మంత్రగాడికి 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ దెబ్బ తగిలితే స్పృహ తప్పడం కాదు, అక్కడికక్కడే పోతాడు, ఎందుకంటే సున్నాకి చేరాక మిగిలిన దెబ్బ అతని పూర్తి హిట్ పాయింట్లతో సమానం అయితే రూలు ప్రకారం చావే. తగిలిన ప్రతి నాలుగు దెబ్బల్లో దాదాపు ఒకటి అలాంటిదే అవుతుంది. కాబట్టి రాక్షసుణ్ని ముందుగా మాటల్లో చూపించండి, వాడు ఒక బండరాయిని అలవోకగా పక్కకి జరపడం కనపడాలి, అప్పుడు కూడా కత్తి దూస్తాం అంటే అది వాళ్ల ఇష్టం.

టేబుల్ దగ్గర

మొదలుపెట్టేటప్పుడు ప్రపంచ చరిత్ర చెప్పకండి. "తెల్లారుతోంది, పగిలిన పడవ చెక్కలు ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి, ఒకావిడ మీ వైపు పరిగెత్తుకొస్తోంది, ఏం చేస్తారు?" చాలు. చూసింది ఒకటి, విన్నదో వాసనో ఇంకొకటి చెప్పి వాళ్లకి వదిలేయండి.

"ఏం చేస్తారు?" అని గుంపుకి వేసిన ప్రశ్నకి ఎప్పుడూ ఒకరిద్దరే జవాబిస్తారు. పేరు పెట్టి అడగండి. మాట్లాడని వాళ్లని మాట్లాడమని బలవంతం చేయక్కర్లేదు, చిన్న ప్రశ్న వేయండి: "వదినా, నువ్వు తలుపు పక్కనే ఉన్నావు కదా, లోపల చప్పుడు వినిపించింది, తలుపు తీస్తావా, వీళ్లని పిలుస్తావా?" రెండిట్లో ఒకటి ఎంచుకోవడం ఎవరికైనా వస్తుంది, మూడోసారికి ఆవిడే మూడో దారి చెబుతుంది.

ప్రతిదానికీ డైస్ వేయించకండి. ఓడిపోతే ఏమీ జరగని చోట డైస్ దండగ. దీపస్తంభం తలుపు తాళం తీయబోతే తక్కువ పడిందనుకోండి, "రాలేదు" అంటే ఆట అక్కడే ఆగిపోతుంది, మళ్లీ వేస్తా మళ్లీ వేస్తా అంటారు. బదులుగా "తాళం ఊడింది గానీ పెద్ద చప్పుడైంది, కింద అప్పలస్వామి మనుషులు తలెత్తి చూశారు" అనండి. ఓడిపోవడం వల్ల కూడా ఆట ముందుకే పోవాలి.

రూలు గుర్తురాకపోతే ఒక్క నిమిషం వెతకండి. దొరక్కపోతే ఏదో ఒకటి తేల్చేసి, తర్వాత చూద్దామని రాసుకుని సాగిపోండి. రూల్స్ బాగా తెలిసిన మిత్రుడొకడు ప్రతి టేబుల్‌కీ ఉంటాడు, వాడితో వాదించకుండా ఆ వెతికే పని వాడికే అప్పగించండి, ఇద్దరికీ హాయి.

భాష విషయంలో మొహమాటం వద్దు. "నేను అటాక్ చేస్తా" అన్నా పర్లేదు, "మా వాడు గోడ దూకుతాడు" అన్నా పర్లేదు, అందరూ నాటకం వేసినట్టు మాట్లాడక్కర్లేదు. ఊరివాళ్ల పాత్రలకి మన ఉత్తరాంధ్ర మాట పెడితే మాత్రం ఆటకి ప్రాణం వస్తుంది. "ఏటి బాబూ, ఇంత రాత్రేల ఎటెల్తన్నారు" అని పడవవాడు అడిగితే వాడికి వేరే వర్ణన అక్కర్లేదు. అయితే యాస అనగానే వెర్రివాడికో దొంగకో ఇచ్చేయడం మన సినిమాల జబ్బు, అది ఇక్కడికి తేకండి. రాణి అలాగే మాట్లాడాలి, బ్రహ్మరాక్షసుడికి తర్కం చెప్పి ఓడించే పండితురాలూ అలాగే మాట్లాడాలి. పెట్టుడు గొంతు రాకపోతే ఒక అలవాటు పెట్టండి: ఒకడు ప్రతి మాటకీ ముందు తువ్వాలు దులుపుతాడు, ఒకామె సమాధానం చెప్పే ముందు ఎప్పుడూ ప్రశ్న తిరిగి అడుగుతుంది. ఆటగాళ్లకి పేరు గుర్తుండదు, తువ్వాలు గుర్తుంటుంది.

దెబ్బలాటలు

దెబ్బలాట మొదలవగానే ప్రతి ఒక్కరూ ఇరవై ముఖాల డైస్ వేసి డెక్స్టెరిటీ కలుపుతారు, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి వంతులు. ఆ వరస అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి, ఒకరి వంతు నడుస్తుండగానే "తర్వాత నువ్వు" అని పక్కవారికి చెప్పండి. శత్రువుల దెబ్బలకి డైస్ వేయకుండా సగటు వాడితే బోలెడు టైమ్ మిగులుతుంది, గాబ్లిన్ (మరుగుజ్జు రాక్షసుడు) కత్తి దెబ్బ 5 అని అనేయండి చాలు. మొదటి దెబ్బలాటకి నలుగురి మీదికి ముగ్గురు గాబ్లిన్లు సరిపోతారు, ఒక్కోడికి హిట్ పాయింట్లు 7, ఆర్మర్ క్లాస్ 15. గుర్తుంచుకోండి, ప్రాణం ఎవరికైనా తీపే. ఇద్దరు పడిపోగానే మూడోవాడు పారిపోవాలి, లేదా కాళ్ల మీద పడాలి. ఆఖరి చింతపిక్క దాకా కొట్టుకునే దెబ్బలాట అంత విసుగు ఇంకోటి ఉండదు, పైగా లొంగిపోయినవాడిని ఏం చేయాలనే దానిమీద జట్టులో జరిగే గొడవ దెబ్బలాట కంటే బాగుంటుంది.

ఆటగాడి హిట్ పాయింట్లు సున్నా అయితే, పైన చెప్పినంత పెద్ద దెబ్బ కాకపోతే, వెంటనే చావడు. తన ప్రతి వంతులో ఒక డైస్: 10 గానీ పైన గానీ పడితే ఒక మంచి, లోపు పడితే ఒక చెడు. మూడు మంచి ముందొస్తే ప్రాణం నిలబడింది, మూడు చెడు ముందొస్తే పోయాడు. 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో కళ్లు తెరుస్తాడు, 1 పడితే రెండు చెడ్లు. ఈ డైస్ మాత్రం అందరి ముందూ వేయించండి.

ఆడేవాళ్లకి

అంతా గేమ్ మాస్టర్ చూసుకుంటాడులే అని చేతులు కట్టుకుని కూర్చుంటే ఆట సాగదు. పాత్ర తయారు చేసుకునేటప్పుడు వీళ్లతో కలిసి ఎందుకు తిరుగుతోందో ఒక కారణం పెట్టుకోండి. ఎవరితోనూ మాట్లాడని, ఎవర్నీ నమ్మని, మూల నిలబడే ఒంటరి వీరుడు సినిమాలో బాగుంటాడు, ఇక్కడ మాత్రం మిగతా ముగ్గురూ వాడిని బతిమాలడంతోనే సాయంత్రం అయిపోతుంది. జేబులు కొట్టి, సొంత జట్టునే మోసం చేసి, "ఏం చేయనురా, నా క్యారెక్టర్ అలాంటోడు" అనేవాళ్లకి ఒకటే మాట: ఆ క్యారెక్టర్‌ని తయారు చేసింది నువ్వే కదా. మీ పాత్ర గతం మూడు వాక్యాల్లో రాసి గేమ్ మాస్టర్‌కి ఇవ్వండి, అందులో బతికున్న మనిషి ఒకరు ఉండాలి, అన్నో, అప్పులవాడో, పాత గురువో, ఆటలోకి లాగడానికి వాళ్లు పనికొస్తారు. అమ్మా నాన్నా అందరూ చనిపోయారని రాస్తే గేమ్ మాస్టర్‌కి చేతిలో ఏమీ మిగలదు.

మీ వంతు కానప్పుడు వినండి. పక్కవాడి మంచి ఐడియాని ఇంకాస్త ముందుకు తోయండి. ఒకడు కిటికీ ఎత్తుగా ఉంది అంటే, "నా భుజాలెక్కు" అనడమే మంచి ఆటగాడి పని.

ఆట అయిపోయాక ఎవరూ లేవకముందే రెండు పనులు చేయండి. వచ్చేసారి మీరు ఎటు వెళదామనుకుంటున్నారని అడగండి, గుహలోకా, నది వెంట ఎగువకా, అప్పలస్వామి ఇంటికా? వాళ్లు చెప్పిన ఒక్క చోటు మాత్రమే మీరు తయారు చేసుకుంటే సరిపోతుంది, మిగతా రెండింటికీ పేర్లుంటే చాలు. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో అయిదు వాక్యాల్లో గ్రూపులో పెట్టే బాధ్యత ఆటగాళ్లలో ఒకరికి అప్పగించండి, వంతులవారీగా, ఎందుకంటే రెండు వారాల తర్వాత ఆ రేవు పెద్ద పేరేంటని మిమ్మల్ని ఎవరైనా అడిగితే మీకూ గుర్తుండదు.